నీళ్ల వరసే గురి: సారాయెవో ముట్టడిలో నీటి సరఫరాపై ఒక కేస్ స్టడీ

బోస్నియా రాజధాని సారాయెవోని బోస్నియా సెర్బుల సేన చుట్టుముట్టింది. ఆ ముట్టడి 1992 ఏప్రిల్‌లో మొదలై 1996 ఫిబ్రవరి 29న ముగిసింది. మొత్తం 1,425 రోజులు. యుద్ధప్రాంతాల్లో నీటి సరఫరా చూసేవాళ్లు ఈ ఊరి దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్తుంటారు. విచిత్రమేమిటంటే అక్కడ నీటి కరువు లేదు. ఊరి మధ్యలో మిల్యాట్స్కా నది పారుతుంది. చుట్టూ కొండలు, ఏటా మంచు, ఏ పేటకి ఆ పేటలో ఊటలు. అయినా మూడు లక్షల పైచిలుకు జనం క్యాన్లు పట్టుకుని బజారున పడ్డారు, నీళ్ల కోసం నిలబడ్డ చోటే కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మామూలుగా ఇలాంటి నివేదికల్లో మనిషికి రోజుకి ఎన్ని లీటర్లు అందాయో రాస్తారు. అవసరమైన లెక్కే, కాదనను. సారాయెవోలో మాత్రం అంతకంటే ముందు వేయాల్సిన లెక్క ఇంకొకటి ఉంది: ఒక క్యాను నింపుకోవడానికి మనిషి ఎన్ని నిమిషాలు ఆరుబయట నిలబడ్డాడు?

ఊరు ఎక్కడ తెగింది

యుద్ధానికి ముందు ఊరి నీళ్లలో అత్యధిక భాగం పడమటి వైపున ఇలీజా దగ్గరున్న బాచెవో బావుల నుంచి వచ్చేది. లోతైన బావులు, పెద్ద మోటార్లు, అక్కణ్ణుంచి కొండవాలు రిజర్వాయర్లకు పంపింగ్. ముట్టడి మొదలయ్యాక బాచెవో ముట్టడిదారుల చేతిలోకి పోయింది. కరెంటు లైన్లు కూడా వాళ్ల భూభాగం మీదుగానే వచ్చేవి. అంటే స్విచ్చు ఒకరి చేతిలో, వాల్వు కూడా వాళ్ల చేతిలోనే. గొట్టం పగలగొట్టాల్సిన పని కూడా లేదు, కరెంటు తీసేస్తే చాలు, రిజర్వాయర్లు ఖాళీ.

తెగిన లైను బాగుచెయ్యాలంటే రెండు పక్షాలూ ఒప్పుకోవాలి, ఐక్యరాజ్యసమితి దళాలు కాపలాగా రావాలి, ఆ పూట కాల్పులు ఆగాలి. లైన్‌మన్ స్తంభం ఎక్కడానికి ముందు ఇన్ని సంతకాలు. 1994 మార్చిలో భద్రతామండలి 900వ తీర్మానంతో ఊరి అత్యవసర సేవల పునరుద్ధరణకు ప్రత్యేక సమన్వయకర్తను నియమించాల్సి వచ్చిందంటే, అది ఇంజినీర్ల చేతిలో ఉన్న పని కాదని అర్థమవుతుంది.

ఊరి లోపల మిగిలిన పెద్ద ఆధారం బిస్త్రిక్ పేటలోని పాత బీరు ఫ్యాక్టరీ కింద ఉన్న ఊట. నీళ్లు శుభ్రం, నమ్మకం. ట్యాంకర్లు అక్కడే నింపేవాళ్లు, జనం అక్కడికే నడిచేవాళ్లు. మిగతాది చిన్న ఊటలు, ఇళ్ల ఆవరణల్లో చేతిపంపులు, నది, వాన, మంచు. ఇలా ఒకే చోట మంచి నీళ్లు ఉంటే ఇంజినీరుకి సంతోషం, కొండ మీద మోర్టారు, అంటే షెల్స్ విసిరే చిన్న ఫిరంగి, పక్కన కూర్చున్నవాడికి ఇంకా సంతోషం.

డొబ్రిన్యా, 1993 జూలై

డొబ్రిన్యా అంటే విమానాశ్రయం పక్కనున్న అపార్టుమెంట్ల కాలనీ. మూడు వైపులా యుద్ధరేఖ. 1993 జూలై 11న అక్కడి చిన్న ఏటి దగ్గర నీళ్లు ముంచుకుంటున్న ఒక మహిళ స్నైపర్ తూటాకి చనిపోయింది. మర్నాడు, జూలై 12న, అదే కాలనీలో ఒక ఇంటి ముందు ఆవరణలో ఉన్న చేతిపంపు దగ్గర దాదాపు వంద మంది వరసలో ఉన్నారు. ఒకే ఒక్క 82 మి.మీ. మోర్టార్ షెల్ పడింది. 13 మంది చనిపోయారు, 14 మందికి గాయాలయ్యాయి. ఈ రెండు సంఘటనలూ యుద్ధ నేరాలు విచారించిన హేగ్ అంతర్జాతీయ ట్రిబ్యునల్ ముందుకు వచ్చాయి. ఊరి చుట్టూ మోహరించిన సేనకు అప్పట్లో నాయకుడైన స్తానిస్లావ్ గాలిచ్‌కి 2003లో 20 ఏళ్ల శిక్ష పడింది, 2006లో అప్పీలులో అది యావజ్జీవమైంది.

ఏరు ప్రమాదమని తెలిసి పంపు దగ్గరికి పోతే, పంపు దగ్గర జనం పోగయ్యారు. స్నైపర్ ఒక్కొక్కరినీ ఏరి కొడతాడు, మోర్టారు గుంపును కొడుతుంది. స్నైపర్ నుంచి తప్పించుకోవడానికి చేసే ఏర్పాటు, అంటే గోడ చాటు, సందు లోపల, ఒకేచోట పంపు, మోర్టారుకి అనుకూలం అవుతుంది. నీటి పాయింటు ఎక్కడ పెట్టాలనే ప్రశ్నకి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకునే జవాబు వెతకాలి.

గట్టి తారు రోడ్డు మీద పడిన షెల్ నేలలోకి దిగదు. ముక్కలు నేలకి దగ్గరగా, పక్కలకి చిమ్ముతాయి. అవి రోడ్డు మీద చేసిన మచ్చలనే తర్వాత ఎర్రటి రెసిన్‌తో నింపి సారాయెవోలో స్మారకాలుగా ఉంచారు. నిలబడ్డ వరసకి ఇది అన్నిటికంటే చెడ్డ పరిస్థితి. అదే వరస ఇసుక బస్తాల గోడతో నాలుగైదు ముక్కలుగా విడిపోయి ఉంటే, ఒక ముక్కలో పడిన షెల్ మిగతావాళ్లని అంత తేలిగ్గా చేరదు. గోడ నడుము ఎత్తు ఉంటే కూర్చున్నవాళ్లకే రక్షణ, నిలబడ్డవాళ్లకి తల ఎత్తు కావాలి.

వరస లెక్క

ఈ లెక్క కాగితం మీద ఎవరైనా వేసుకోవచ్చు. మంచి చేతిపంపు, మన ఊళ్లలో బోరింగు అంటామే అది, నిమిషానికి 17 లీటర్లు ఇస్తుంది. వంద మంది, తలా ఒక 20 లీటర్ల క్యాను. మొత్తం 2,000 లీటర్లు. క్యాన్లు మార్చుకునే సమయం కలపకుండానే 118 నిమిషాలు. సగటున ఒక్కొక్కరు 59 నిమిషాలు నిలబడతారు. అందరివీ కలిపితే 5,900 మనిషి-నిమిషాలు.

అదే వంద మందికి ఆరు కుళాయిల స్టాండు పెట్టండి. ఒక్కో కుళాయి నిమిషానికి 7.5 లీటర్లు, మొత్తం 45. పని 44 నిమిషాల్లో అయిపోతుంది, మనిషి-నిమిషాలు 2,200కి దిగుతాయి. ఇలాంటి స్టాండ్లు రెండు, వేర్వేరు సందుల్లో, చెరి యాభై మందికి పెడితే 22 నిమిషాలు, 1,100 మనిషి-నిమిషాలు. పైగా ఒక షెల్‌కి ఎదురుగా ఉండేది వంద కాదు, యాభై. ఇచ్చిన నీళ్లు మూడు సందర్భాల్లోనూ అవే 2,000 లీటర్లు. లీటర్ల నివేదికలో మూడూ ఒకేలా కనబడతాయి.

కుళాయికి 250 మంది, చేతిపంపుకి 500 మంది, క్యూ 30 నిమిషాలు దాటకూడదు అనే అంతర్జాతీయ కనీస ప్రమాణాలు శరణార్థి శిబిరాలకి సరిపోతాయి. కాల్పుల కింద ఉన్న పేటకి 30 నిమిషాలు చాలా ఎక్కువ.

ఎక్కడ చెడుతుందంటే ముఖ్యంగా మూడు చోట్ల. ట్యాంకరు రోజూ ఒకే వేళకి వస్తే, ఆ వేళ కొండ మీదున్నవాళ్లకీ తెలుస్తుంది. సరే, వేళ మారుద్దామని ఇష్టం వచ్చినప్పుడు పంపితే ఎప్పుడొస్తుందో తెలియక జనం పొద్దున్నుంచే కాచుకుంటారు, అప్పుడు మనిషి-నిమిషాలు ఇంకా పెరుగుతాయి. మధ్యేమార్గం ఏమిటంటే, వేళ మార్చాలి, కానీ ఆ వేళ అరగంట ముందు మెట్లదారి మనిషికి చెప్పాలి. ప్రతి అపార్టుమెంటు మెట్లదారికీ ఒక బాధ్యుడు. రేడియోలో చెప్పకూడదు. రేడియో కొండ మీద కూడా వినిపిస్తుంది.

రెండోది, వరసలో మనుషులు నిలబడటం. క్యాన్లు నిలబడితే చాలు. క్యాను మీద పెయింటుతో ఫ్లాటు నెంబరు, క్యాన్లన్నీ వరసలో, మనుషులు నేల అంతస్తు మెట్లకింద, బయటి గోడకీ తమకీ మధ్య ఇంకొక గోడ ఉండేలా. నింపేవాళ్లు ఇద్దరే, ఇనుప టోపీలతో. మన బస్తీల్లో ట్యాంకరొచ్చే ముందు బిందెలు వరసలో పెట్టే అలవాటు ఉన్నవాళ్లకి దీన్ని కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడ మాత్రం దీనికి తగాదాలు అడ్డం. నెంబరు లేని క్యాను ఒక్కటి వరసలో చొరబడితే మర్నాటి నుంచి అందరూ బయటికొచ్చి తమ క్యాను పక్కనే నిలబడతారు. అందుకే పెయింటు డబ్బా ఖర్చు దగ్గర లోభం పనికిరాదు.

మూడోది, కుళాయి స్టాండు చుట్టూ మడుగు. శీతాకాలంలో ఆ మడుగు రాత్రికి గడ్డ కడుతుంది. జారిపడ్డవాళ్లు, విరిగిన తుంటి ఎముకలు షెల్లింగ్ లెక్కల్లోకి రావు. కంకర పరచాలి, చిన్న కాలువ తవ్వాలి, పొద్దున్నే బూడిద చల్లాలి. కట్టెల పొయ్యిలున్న ఊళ్లో బూడిదకి కొదవ లేదు.

మెట్ల మీద 60 కిలోలు

నలుగురున్న ఇంటికి మనిషికి 15 లీటర్ల చొప్పున రోజుకి 60 లీటర్లు, అంటే 60 కిలోలు, మూడు క్యాన్లు. లిఫ్టు లేదు. ఎనిమిదో అంతస్తు. వయసులో ఉన్న మగవాళ్లు చాలామంది ముందువరస కందకాల్లో ఉన్నారు కాబట్టి మోసేది ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు. అందుకే చాలా ఇళ్లలో ఆచరణలో వాడకం ఒక క్యానుకి కుదించుకుపోతుంది, అంటే తలకి 5 లీటర్లు. కింద కుళాయిలో ఎన్ని నీళ్లున్నా సరే.

కాబట్టి క్యాను సైజు కూడా డిజైన్‌లో భాగమే. 20 లీటర్ల క్యాను పంచడానికి సులువు, మెట్లెక్కడానికి కష్టం, ఒక చేతికి మొత్తం బరువు పడి మనిషి ఒరిగిపోతాడు. రెండు 10 లీటర్ల క్యాన్లు రెండు చేతులకి ఇస్తే అదే బరువు తూకంగా నడుస్తుంది. మూత బిగుతుగా ఉండాలి. చిందిన నీళ్లు మెట్ల మీద గడ్డకట్టడం ఒక సమస్య, మూత లేని క్యానులో చేతులు ముంచడం ఇంకో సమస్య. సారాయెవో వాళ్లు పిల్లల బండ్లకి, సూపర్ మార్కెట్ బండ్లకి, మంచు మీద లాగే స్లెడ్జీలకి క్యాన్లు కట్టి తెచ్చుకున్నారు. రోడ్డు మీద అది బాగా పనిచేస్తుంది, మెట్ల దగ్గర ఆగిపోతుంది. మెట్ల మధ్య ఖాళీ ఉన్న భవనాల్లో కప్పీ, తాడు వేలాడదీస్తే బరువు పైకి లాగొచ్చు. కింద ఎవరూ నిలబడకూడదన్న నియమం కచ్చితంగా పాటించాలి.

ఇంట్లో నీళ్లకి ఒక క్రమం ఉంటుంది. తాగడానికి, వంటకి ముందు తీసిపెట్టింది ముట్టుకోరు. మొహం కడిగిన నీళ్లు బేసిన్‌లో పట్టి గుడ్డలు తడుపుతారు. గుడ్డలు పిండిన నీళ్లు టాయిలెట్‌కి. ఈ చివరి మెట్టే అన్నింటినీ మింగేస్తుంది. ఫ్లష్ తొట్టి ఒకసారికి 6 నుంచి 9 లీటర్లు తాగుతుంది. దాన్ని కట్టేసి బకెట్‌తో ఒక్క విసురున పోస్తే తక్కువ నీళ్లతోనే పని జరుగుతుంది, నెమ్మదిగా పోస్తే ఎక్కువ పోసినా జరగదు. నీళ్లు తక్కువయ్యే కొద్దీ పై అంతస్తుల గొట్టాల్లో మలం పేరుకుపోయి కింది అంతస్తు టాయిలెట్లలోంచి పైకి తంతుంది. మెట్లదారికి ఒకటి చొప్పున నేల అంతస్తులో ఉమ్మడి టాయిలెట్ ఉంచి, అక్కడే మురుగునీళ్ల డ్రమ్ము పెట్టడం మేలు.

మరగబెట్టండి అనే సలహా

ముట్టడిలో ఉన్న ఊరికి ఇవ్వకూడని సలహా ఇది. ఒక లీటరు నీళ్లని 5 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి దాదాపు 400 కిలోజౌళ్లు కావాలి. కిలో ఎండు కట్టె 15,000 ఇస్తుంది కానీ రేకుతో చేసుకున్న పొయ్యిలో అందులో ఆరో వంతు గిన్నెకి చేరితే గొప్ప. లీటరుకి 150 నుంచి 180 గ్రాముల కట్టె. నలుగురికి తాగేనీళ్లు 12 లీటర్లు మరగబెడితే రోజుకి రెండు కిలోలు. పార్కుల్లో చెట్లు నరికి, బూట్లు, పుస్తకాలు పొయ్యిలో పెట్టిన ఊరు అది.

మంచు కరిగించుకోవడం ఇంకా దండగ. పది లీటర్ల కొత్త మంచుకి ఒక లీటరు నీళ్లు, కరగడానికే మళ్లీ ఇంచుమించు అంత వేడి. 2022 మార్చిలో ఉక్రెయిన్‌లోని సుమీలో కరెంటు, నీళ్లు ఆగిపోయినప్పుడు అక్కడ చిక్కుకున్న భారతీయ వైద్య విద్యార్థులు, వాళ్లలో తెలుగు పిల్లలు కూడా ఉన్నారు, మంచు కరిగించుకునే తాగారు. మార్చి 8న పోల్టావాకి తరలించే దాకా అదే గతి. కొద్ది రోజులకైతే ఫరవాలేదు, ఏళ్లకి పనికిరాదు.

క్లోరిన్ లెక్క చూడండి. 70 శాతం బలమున్న హెచ్.టి.హెచ్. అనే గాఢమైన క్లోరిన్ పొడి 15 గ్రాములు, లేదా తాజా బ్లీచింగ్ పౌడర్ 33 గ్రాములు లీటరు నీళ్లలో కలిపి, తేరనిచ్చి, పైన తేట వంపుకుంటే 1 శాతం ద్రావణం. 20 లీటర్ల క్యానుకి అది 4 మి.లీ., చిన్న చెంచాకి కాస్త తక్కువ. దాంతో లీటరుకి 2 మి.గ్రా. క్లోరిన్ పడుతుంది. ఎంత సరిపోతుందో ఊహించకూడదు: నాలుగు బకెట్లలో 2, 4, 6, 8 మి.లీ. పోసి, ఆగి, మిగులు క్లోరిన్ లీటరుకి 0.5 మి.గ్రా. దగ్గరున్న బకెట్ ఏదో చూసి ఆ మోతాదు పట్టుకోవాలి. పంచాయతీ క్లోరోస్కోప్ వాడినవాళ్లకి ఈ పని తెలిసిందే. అరగంట ఆగమనే నియమం 18 డిగ్రీల నీళ్లకి. ప్రతి పది డిగ్రీలు తగ్గినప్పుడు సమయం రెట్టింపు. సారాయెవో జనవరిలో గంటకి తక్కువ కాకూడదు. తెరిచిన సంచిలో బ్లీచింగ్ పౌడర్ నెలల్లో బలం కోల్పోతుంది. వాసన ఉన్నంత మాత్రాన బలం ఉన్నట్టు కాదు.

బురద నీళ్లలో క్లోరిన్ వృథా. మడ్డి 5 ఎన్.టి.యు. (నీళ్ల మడ్డిని కొలిచే ప్రమాణం) దాటితే ముందు పటిక. పది గ్రాముల పటిక లీటరులో కరిగించి, ఆ ద్రావణం 100 మి.లీ. ఒక 20 లీటర్ల బకెట్‌లో పోస్తే లీటరుకి 50 మి.గ్రా. ఒక నిమిషం గట్టిగా తిప్పాలి, తర్వాత పావుగంట నెమ్మదిగా, ఆ పైన కదపకుండా వదిలెయ్యాలి. చల్లటి నీళ్లలో దూదిపింజల్లా కట్టాల్సిన మడ్డి సన్నగా ఉండిపోతుంది, తేరడానికి రెండు మూడు గంటలు పడుతుంది. ఓపిక పట్టలేక మళ్లీ పటిక వేస్తారు. అప్పుడు పులుపెక్కి ఇంకా చెడుతుంది.

సొరంగంలో శుద్ధి కేంద్రం

వరసలు తగ్గాలంటే ఇంటి కుళాయికే నీళ్లు రావాలి. బాచెవో లేకుండా ఎలా? టెక్సస్‌కి చెందిన విపత్తు సహాయ నిపుణుడు ఫ్రెడ్ క్యూనీ, ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ తరఫున, జార్జ్ సోరోస్ ఇచ్చిన నిధులతో దీనికి జవాబు కట్టారు. సి-130 రవాణా విమానం పొట్టలో అంగుళాల తేడాతో పట్టే శుద్ధి యూనిట్లు అమెరికాలో తయారుచేయించి, షెల్లింగ్ కింద ఉన్న విమానాశ్రయంలో దింపి, ఊరి తూర్పున వాడకంలో లేని రోడ్డు సొరంగంలో బిగించారు. మిల్యాట్స్కా నది నుంచి నీళ్లు తోడి, శుద్ధి చేసి, కొండ మీద రిజర్వాయర్‌కి ఎక్కించి, అక్కణ్ణుంచి పాత గొట్టాల్లోకి వాలు మీద వదలడం పథకం.

ఎంపికలోని తెలివి యంత్రాల్లో కంటే చోటులో ఉంది. ఆధారం ఊరి గీత లోపల, పైకప్పు కొండ రాయి, పంపిణీకి ఉన్న గొట్టాలే చాలు, కుళాయి విప్పడానికి అవతలి పక్షం అనుమతి అక్కర్లేదు. ఒక్కటే చిక్కు: ఆ నది ఎగువన పాలె ఊరి మీదుగా వస్తుంది. ముట్టడిదారుల రాజధాని అదే. పై ఊరి మురుగు సరే, విషం కలుపుతారేమోనన్న భయం కూడా జనంలో సహజం. అందుకే లోపలికొచ్చే నీళ్లని గంటగంటకీ పరీక్షించాలి, అనుమానం వస్తే తోడడం ఆపేసి రిజర్వాయర్ మీద కొన్ని గంటలు గడిపేలా నిల్వ ఉంచుకోవాలి.

కేంద్రం సిద్ధమయ్యాక నీటి నాణ్యత మీద అభ్యంతరాలతో నగర అధికారులు అనుమతి ఇవ్వక నెలల తరబడి ఆలస్యం జరిగింది. ఎందుకన్న దాని మీద అప్పుడే రకరకాల ఆరోపణలు వచ్చాయి. ఆరోపణలు పక్కన పెడితే పనివాళ్లకి ఇందులో ఒక సంగతి ఉంది: ఊరి నీటి ప్రయోగశాల సంతకం లేని నీళ్లు ఊరి గొట్టాల్లోకి పోవు. ఆ ప్రయోగశాల కెమిస్టుల్ని మొదటి నమూనా తీసిన రోజే పిలవాలి, వాళ్ల పరికరాల్తో వాళ్లే కొలవాలి, ఫలితం వాళ్ల రిజిస్టరులో ఉండాలి. విదేశీ యంత్రం బిగించాక పిలిస్తే తప్పులు వెతకడానికే వస్తారు. క్యూనీ 1995 ఏప్రిల్‌లో చెచ్న్యాలో అదృశ్యమయ్యాడు, తిరిగి రాలేదు.

డీజిల్

ఘనమీటరు నీళ్లని వంద మీటర్లు పైకెత్తడానికి, పంపు మోటారు సామర్థ్యం సగం అనుకుంటే, 0.55 యూనిట్ల కరెంటు. జనరేటరుకి యూనిట్‌కి 0.3 లీటర్ల డీజిల్. అంటే ఘనమీటరుకి 0.165 లీటర్లు. మూడున్నర లక్షల మందికి తలకి 15 లీటర్ల చొప్పున 5,250 ఘనమీటర్లు, దానికి రోజుకి 870 లీటర్ల డీజిల్. ముక్కలైన గొట్టాల్లో సగం కారిపోతుందనుకుంటే దానికి రెట్టింపు. పెద్ద ఊరికి ఇది పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఇంధనం ప్రతి చెక్‌పోస్టులోనూ బేరసారాల సరుకు. 1993 మధ్యలో విమానాశ్రయం కింద డొబ్రిన్యా నుంచి, ముట్టడి గీత అవతల బోస్నియా ప్రభుత్వ చేతిలో ఉన్న బుట్మిర్‌కి దాదాపు 800 మీటర్ల సొరంగం తవ్వకం పూర్తయ్యాక చమురు గొట్టం, కరెంటు కేబుల్ దాని గుండానే వచ్చాయి. ఆ సొరంగంలో కూడా భూగర్భజలం ఊరుతూ ఉండేది, తోడిపొయ్యాల్సి వచ్చేది.

ఈ లెక్కలోంచి వచ్చే నిర్ణయం ఏమిటంటే, ఉన్న డీజిల్ లీకులున్న గొట్టాల్లోకి పొయ్యకూడదు. ముందు వాల్వులు మూసి పేటల్ని విడగొట్టాలి, రాత్రి వేళ గొట్టం మీద కర్ర ఆనించి చెవి పెట్టి లీకు పట్టాలి, పెద్ద లీకులున్న పేటకి కుళాయి స్టాండు, బాగున్న పేటకి ఇంటి సరఫరా.

నీళ్లు తిరిగొచ్చిన రోజు

ఖాళీ గొట్టాల్లోకి నీళ్లు వదిలే రోజు అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన రోజు. సరఫరా ఆగినప్పుడు గొట్టంలో శూన్యం ఏర్పడి పక్కనే పగిలిన మురుగు కాలువ నీళ్లని లోపలికి పీలుస్తుంది. షెల్లింగ్‌లో రెండు గొట్టాలూ ఒకే గుంతలో పగిలి ఉంటాయి. వాల్వు పావు వంతు మాత్రమే తెరవాలి, గాలి బయటికి పోయే దారులు ముందే విప్పి ఉంచాలి, లేకపోతే బందీ అయిన గాలి పాత అతుకుల్ని ఊడదీస్తుంది. రిజర్వాయర్ దగ్గర క్లోరిన్ మామూలు కంటే రెట్టింపు చేసి, చివరి కుళాయి దగ్గర మిగులు కనబడేదాకా కింది చివర హైడ్రెంట్లు తెరిచి కడిగెయ్యాలి. ఇళ్లలో చాలామంది రాత్రిపూట నీళ్ల చప్పుడుకి లేవొచ్చని కుళాయి తెరిచి పడుకుంటారు. జనం ఖాళీచేసి వెళ్లిపోయిన ఫ్లాట్లలో మూసేవాళ్లే ఉండరు, కింది ఫ్లాటు పైకప్పు కారుతుంది. అందుకని నీళ్లు వదిలే ముందు రోజు మెట్లదారి బాధ్యుడు ప్రతి తలుపూ తట్టాలి, తాళం ఉన్న ఫ్లాట్ల లైను మెట్ల దగ్గరి వాల్వు దగ్గరే కట్టెయ్యాలి. మొదటి అరగంట వచ్చిన నీళ్లు ఫ్లష్‌కి, నేల కడగడానికి. తాగేది పాత క్యానులోంచే.